అన్నం పెట్టిన భాష

కన్యాశుల్కంలో ఆడవాళ్ళ పేర్లు అడిగితే టకటకా చెప్పేస్తాం. మధురవాణి, బుచ్చమ్మ, మీనాక్షి, వెంకమ్మ. పూటకూళ్ళమ్మ పేరేమిటని అడిగితే ఆగిపోతాం. గురజాడ ఆవిడకి పేరు పెట్టలేదు. చేసే పనే పేరయిపోయింది. వితంతువు, డబ్బు తీసుకుని నలుగురికి భోజనం పెట్టి బతుకుతుంది. ఆమె ఇంట్లో తిని, ఆమె దగ్గరే డబ్బు పుచ్చుకుని గిరీశం ఎగ్గొడతాడు. మోసపోయింది ఆవిడ. చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి వచ్చినప్పుడు మనం నవ్వేది కూడా ఆవిణ్ణి చూసే.

చిన్నప్పుడు తెనాలిలో ఆ నాటకం చూసి నేనూ నవ్వాను. 'పూటకూళ్ళమ్మ' అనేది మా ఇంట్లో ఒక తిట్టు కూడా. ఆ మాట తిట్టెందుకయిందో ఆలోచించాల్సిన అవసరం నాకు చాలా ఏళ్ళు రాలేదు. అది వచ్చింది స్పానిష్ నేర్చుకోవడం వల్ల. ఎక్కడి స్పానిష్, ఎక్కడి పూటకూళ్ళమ్మ అనిపిస్తుంది. ఆ దారి కాస్త పొడుగు.

నా స్పానిష్ మొదలైంది హైదరాబాదులోనే, తార్నాకలో, ఇఫ్లూలో. పాతవాళ్ళు దాన్ని ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు. 1958లో ఇంగ్లీషు కోసం పెట్టిన సంస్థ, 1972లో విదేశీ భాషల్నీ పేరులో చేర్చుకుంది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన నాకు ఇంగ్లీషంటే వణుకు. స్పానిష్ అంటే ఆ వణుకు లేదు. ఇంగ్లీషు సరిగ్గా రాకపోతే వెక్కిరించేవాళ్ళు బస్సులోనూ ఉంటారు, బంధువుల్లోనూ ఉంటారు. స్పానిష్ రాకపోతే వెక్కిరించడానికి ఎవరున్నారు?

పైగా అది మనకి దగ్గరి భాషలా తోచింది. మనం 'తిన్నాను' అంటాం. 'నేను' అని విడిగా చెప్పక్కర్లేదు, క్రియ చివరే చెప్పేస్తుంది. స్పానిష్‌లో 'కోమీ' అన్నా అంతే. ఇంగ్లీషులో ఇష్టపడే మనిషి వాక్యానికి కర్తగా ముందు నిలబడతాడు. మనకి 'నాకు నచ్చింది'. నచ్చిన వస్తువే మన దగ్గరికి నడిచి వస్తుంది. వాళ్ళకీ 'మే గుస్తా' అంటే అదే పద్ధతి. మనం బళ్ళో దిద్దిన బండి ఱ కూడా అక్కడ పనికొచ్చింది. 'పేరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. పోర్చుగీసు వాళ్ళు మనకిచ్చి వెళ్ళిన తువ్వాలు, అల్మారా, మేస్త్రి అనే మాటలకి స్పానిష్‌లో అక్కచెల్లెళ్ళు కనిపించినప్పుడు ఊరివాళ్ళు కనిపించినంత సంబరంగా ఉండేది.

మూడేళ్ళకి వ్యాకరణం బాగా వచ్చింది. మాట్లాడటం రాలేదు. పరీక్షలో క్రియారూపాలన్నీ రాస్తాను, ఎదుటి మనిషి 'ఏం చేస్తున్నావు?' అంటే నోరు పెగలదు. ఒక కుటుంబంతో కలిసి ఉండి నేర్చుకుంటే తప్ప నోరు తిరగదని సీనియర్లు చెప్పారు. అమ్మ రెండు గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టింది. వీసా కాగితాల్లో నాన్న బ్యాంకు పుస్తకం, నాన్న సంతకం, నాన్న హామీ పత్రం. అమ్మ గాజుల ప్రస్తావన ఏ కాగితంలోనూ రాలేదు. అలా 2012 సెప్టెంబరులో, మూడు నెలల కోసం, స్పెయిన్‌లోని సలమాంకా వెళ్ళాను.

సలమాంకా అంటే చదువుల ఊరు. అక్కడి విశ్వవిద్యాలయం 1218లో మొదలైంది. పసుపుపచ్చ రాతి గోడలు సాయంత్రం ఎండకి బంగారంలా కనిపిస్తాయి. విశ్వవిద్యాలయంలో చేరే స్తోమత నాకు లేదు. నేను చేరింది ఊళ్ళో ఒక చిన్న ప్రైవేటు భాషా బడి. వసతి వాళ్ళే చూపించారు. నాకిచ్చిన కాగితంలో 'కుటుంబం' అని రాసి ఉంది, బడి పుస్తకంలో 'మీ స్పానిష్ అమ్మ' అని రాసి ఉంది. మూడో అంతస్తులో తలుపు తీసింది ఒకే ఒక్క మనిషి. అరవై ఎనిమిదేళ్ళ వితంతువు. ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు, అచ్చులో వేయడానికి ఆవిడ అనుమతి నా దగ్గర లేదు. అందరూ పిలిచినట్టే సెన్యోరా అంటాను.

చలి మొదలయ్యాక మా జీవితమంతా ఒక గుండ్రటి బల్ల చుట్టూ సాగింది. దాన్ని 'మేసా కమీయా' అంటారు. బల్ల మీంచి నేల దాకా దళసరి గుడ్డ వేలాడుతుంది. కింద కుంపటి. పూర్వం బొగ్గులది, ఇప్పుడు కరెంటుది. కాళ్ళు ఆ గుడ్డ కింద పెట్టుకుని కూర్చుంటే నడుం దాకా వెచ్చగా ఉంటుంది. లేవబుద్ధి కాదు. మధ్యాహ్నం మూడింటికి తిండి, రాత్రి పదింటికి మళ్ళీ తిండి. తిన్నాక వెంటనే లేవకుండా కబుర్లు చెప్పుకోవడానికి వాళ్ళ భాషలో ఒక ప్రత్యేకమైన మాటే ఉంది, 'సోబ్రెమేసా' అని. మనకి ఆ పని ఉంది కానీ మాట లేదు. మన ఆడవాళ్ళకి ఆ పని కూడా లేదు, అందరూ తిన్నాక వాళ్ళు తినాలి కాబట్టి.

బడిలో రోజుకి నాలుగు గంటలు పాఠం. ఆ బల్ల దగ్గర అంతకన్నా ఎక్కువే. పప్పులో ఉప్పు సరిపోయిందా, బయట గాలి ఎలా ఉంది, పైవాళ్ళ కోడలు ఎందుకు అలిగింది, పింఛను ఎందుకు ఆలస్యమైంది. తప్పు మాట్లాడితే ఆవిడ గరిటె ఆపి సరిదిద్దేది. నియమం చెప్పేది కాదు. సరైన వాక్యం ఒకటి చెప్పి నాచేత మళ్ళీ అనిపించేది.

స్పానిష్ నేర్చుకునేవాళ్ళందర్నీ ఏడిపించేది 'ఉండటం'. దానికి వాళ్ళ దగ్గర రెండు క్రియలున్నాయి. మనిషి స్వభావానికి, గుర్తింపుకి 'సేర్'. స్థితికి, చోటుకి 'ఎస్తార్'. తెలుగులో 'ఆమె టీచరు' అంటే వాక్యం పూర్తయిపోతుంది, క్రియే అక్కర్లేదు. అందుకని మనకి ఇంకా కష్టం. మూడేళ్ళు పుస్తకాల్లో చదివినా తికమకపడేదాన్ని. ఒక రాత్రి ఆవిడ రెండే వాక్యాలు చెప్పింది. 'సోయ్ బియూదా. నో ఎస్తోయ్ సోలా.' నేను వితంతువుని. నేను ఒంటరిగా లేను. మొదటి దానికి సేర్, రెండో దానికి ఎస్తార్. ఆ తర్వాత నేనెప్పుడూ ఆ రెంటి దగ్గర తడబడలేదు. తెనాలిలో మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడకి ఈ రెండు వాక్యాల మధ్య తేడా చూపించే భాష ఎవరూ ఇవ్వలేదు. మన దగ్గర మొదటిది చెప్తే రెండోది ఎదుటివాళ్ళే నిర్ణయించేస్తారు.

ఇంకోరోజు నా చదువుకి డబ్బెవరు కట్టారని అడిగింది. అమ్మ గాజుల సంగతి చెప్పాను. మరి సంతకం ఎవరిదని అడిగింది. నాన్నదని చెప్పాను. తల ఊపి తన కథ చెప్పింది.

ఆవిడ పెళ్ళి 1967లో. ఫ్రాంకో పాలన. పెళ్ళయిన ఆడది ఉద్యోగంలో చేరాలన్నా, బ్యాంకులో ఖాతా తెరవాలన్నా భర్త అనుమతి కావాలి. అది ఊళ్ళో ఆచారం కాదు, రాసిన చట్టం. 1975 మే నెలలో దాన్ని తీసేశారు, ఫ్రాంకో చనిపోవడానికి ఆర్నెల్ల ముందు. విడాకుల చట్టం 1981 దాకా రాలేదు. పెళ్ళికి ముందయితే ఇంకోటి. ఉద్యోగం కావాలన్నా, పాస్‌పోర్టు కావాలన్నా పెళ్ళికాని ఆడపిల్లలు ఆర్నెల్లు 'సామాజిక సేవ' చేసి తీరాలి. దాన్ని నడిపింది ఫలాంఖె పార్టీ మహిళా విభాగం. కుట్లు, వంట, పిల్లల పెంపకం నేర్పేవారు. మంచి భార్య కావడం ఎలాగన్నది పాఠం. సెన్యోరా ఆ ఆర్నెల్లూ చేసింది. అక్కడ నేర్పిన వంటే ఇప్పుడు తనకి అన్నం పెడుతోందని చెప్పి నవ్వింది. వాళ్ళు నేర్పింది మొగుడికి వండటానికి, నేను వండుతున్నది డబ్బుకి, అంది.

ఆ ఊళ్ళోనే 1925లో పుట్టిన రచయిత్రి కార్మెన్ మార్తిన్ గైతే ఆ కాలం మీద రాసిన పుస్తకాలు అక్కడే చదివాను. యుద్ధం తర్వాతి ఏళ్ళలో ప్రేమ, పెళ్ళి, ఆడపిల్లల శిక్షణ ఎలా ఉండేవో ఆమె 1987లో ఒక పుస్తకమే రాసింది. ఆమె పుట్టిన బాందోస్ కూడలిలో ఆమె విగ్రహం ఉంది. రోజూ దాని పక్క నుంచి బడికి వెళ్ళేదాన్ని. పుస్తకం రాసినామెకి విగ్రహం ఉంది. ఆ పుస్తకంలోని జీవితం గడిపినామె నాకు పప్పు వడ్డిస్తోంది. ఇద్దరి మీదా గౌరవంతోనే అంటున్నాను.

భర్త పోయాక సెన్యోరాకి వచ్చేది వితంతు పింఛను. దాన్ని భర్త జీతాల ఆధారంగా లెక్కకట్టిన మొత్తంలో మామూలుగా 52 శాతం ఇచ్చేవారు. కొడుకు ఇళ్ళ నిర్మాణంలో పనిచేసేవాడు. 2008 తర్వాత ఆ రంగం కుప్పకూలి ఉద్యోగం పోయింది. అందుకని ఇంట్లో ఒక గది విద్యార్థులకి ఇవ్వడం మొదలుపెట్టింది. సలమాంకాలో అలాంటి ఇళ్ళకి పాత చరిత్రే ఉంది. విద్యార్థులకి గది, భోజనం ఇచ్చే ఆడమనిషిని 'పత్రోనా' అనేవారట. ఆ మాట పలుకుతూ ఆవిడ మూతి కాస్త తిప్పింది. ఆ తిప్పడం నాకు బాగా తెలిసిన తిప్పడం. మా ఇంట్లో పూటకూళ్ళమ్మ అనే మాట అలాగే పలుకుతారు.

బడి పుస్తకంలో ఉన్న 'మీ స్పానిష్ అమ్మ' అనే మాట ఆవిడకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి పక్కన పెట్టింది. 'నీకు అమ్మ ఉంది. నేను నీ దగ్గర డబ్బు తీసుకుంటాను, బాగా తిండి పెడతాను, మాటలు నేర్పుతాను' అంది. నాకు మనసు చివుక్కుమంటుందేమో అనుకున్నాను. కానీ ఊపిరి ఆడింది. అప్పటిదాకా రెండో గరిటె పప్పు అడగాలంటే మొహమాటం. కూతురైతే సర్దుకోవాలి, కృతజ్ఞత చూపించాలి, గిన్నెలు కడగాలి. డబ్బిచ్చిన మనిషికి పప్పు అడిగే హక్కుంది. ఆవిడకి రాత్రి పదకొండు తర్వాత వంటింటి దీపం ఆర్పేసే హక్కుంది. ఈ లెక్క తేలాకే మా మధ్య చనువు పెరిగింది. నాకు జ్వరం వచ్చినప్పుడు రెండు రాత్రులు పక్కన కూర్చుంది. ఆ రెండు రాత్రులకీ వేరే డబ్బు అడగలేదు. భోజనం డబ్బులు మాత్రం తగ్గించలేదు. రెండూ న్యాయంగానే ఉన్నాయి.

అన్యాయం వేరేచోట ఉంది. నేను వసతికని బడికి కట్టిన డబ్బులో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే ఆవిడకి చేరేది. మిగతాది ఏర్పాటు చేసినందుకు. 'కుటుంబం' అనే మాట అక్కడ బాగా పనికొచ్చింది. కుటుంబం బేరమాడదు కదా. ఉద్యోగి అంటే జీతం, సెలవు, ఒప్పందం అడుగుతుంది. అమ్మ అంటే అవేవీ అడగకూడదు.

ఆ నవంబరులో దేలే పరీక్ష రాశాను. సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే పరీక్ష అది. మన దేశంలో ఆ సంస్థ కేంద్రం 2009లో ఢిల్లీలో పెట్టారు. బీ2 స్థాయి పాసయ్యాను. పత్రం మీద నా పేరుంది, కింద అధికారుల సంతకాలున్నాయి. వంటింటి బల్ల దగ్గర నాలుగు వందల గంటలు నాచేత వాక్యాలు తిరగచెప్పించిన మనిషికి ఆ పత్రంలో ఎక్కడా గడి లేదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు 'భాష ఎక్కడ నేర్చుకున్నారు?' అనే ప్రశ్నకి కూడా సంస్థల పేర్లే రాశాను.

ఆ పత్రం చూసే 2013లో హైటెక్ సిటీలో ఉద్యోగం ఇచ్చారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఆ చుట్టూ బండలూ తుప్పలూ ఉండేవని పాతవాళ్ళు చెబుతారు. నేను వచ్చేసరికి అద్దాల గోడలే. మనం హైటెక్ సిటీ అంటే ఇంగ్లీషే అనుకుంటాం. అద్దాల వెనక స్పానిష్, ఫ్రెంచి, జర్మన్, జపనీస్ మాట్లాడే అమ్మాయిలు చాలామందే ఉన్నారు. మామూలు జీతం మీద భాషకి కొంత అదనంగా ఇస్తారు. నా పని మెక్సికో ఖాతాదార్ల బిల్లుల గొడవలు తీర్చడం. మెక్సికో సిటీలో పొద్దున్న తొమ్మిదంటే చలికాలంలో మనకి రాత్రి ఎనిమిదిన్నర. ఫోన్లో నేను కాస్తీలియా యాసలో మాట్లాడితే, స్పెయిన్ నుంచా అని అడిగేవాళ్ళు. ఆ యాస సలమాంకాలో మూడో అంతస్తు వంటింటిది. ప్రతి కాల్ రికార్డు చేసి మార్కులేసేవారు. 'సానుభూతి'కి కూడా మార్కులుండేవి. ఎదుటి మనిషి మాట పూర్తయ్యే దాకా ఆగి, తర్వాత సరైన వాక్యం చెప్పడం అనే ఆ గుణం నాకు ఎవరి దగ్గర అబ్బిందో మార్కులేసేవాళ్ళకి తెలీదు.

ఉన్నది మాదాపూర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్. గదికి ముగ్గురు. బోర్డు మీద 'హోమ్లీ ఫుడ్'. యజమానిని అందరం ఆంటీ అనేవాళ్ళం. నిజంగా వండేది శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక అక్క, తెల్లవారుజామున నాలుగింటికి లేచి అరవై మందికి టిఫిను. 2013 అక్టోబరులో ఆ ప్రాంతంలోనే ఒక యువ ఉద్యోగిని ఇంటికి వెళ్ళడానికి కారెక్కితే, ఆ కారులోనే ఆమెని ఎత్తుకుపోయి అత్యాచారం చేశారు. ఆ తర్వాత ఏడాది, 2014 అక్టోబరులో, పోలీసులు షీ టీమ్స్ పెట్టారు. మా హాస్టల్ మాత్రం వెంటనే తన వంతు చేసింది. గేటు మూసే వేళని పదిన్నర నుంచి తొమ్మిదిన్నరకి తెచ్చింది. రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు వేరే హాస్టల్ చూసుకోండన్నారు. 'సొంత ఆడపిల్లలైతే పంపిస్తామా?' అంది ఆంటీ. మళ్ళీ అదే మాట. నెలనెలా డబ్బు తీసుకునేటప్పుడు మేం ఖాతాదార్లం, గేటు దగ్గర కూతుళ్ళం.

నేను మెక్సికో పని వదిలి స్పెయిన్ పనికి మారాను. అక్కడ పొద్దున్న తొమ్మిదికి మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నరో, పన్నెండున్నరో. రాత్రి షిఫ్టు భత్యం పోయింది. నాతో చేరిన అబ్బాయిలు మెక్సికో పనిలోనే ఉండి నా కన్నా ముందు టీమ్ లీడర్లయ్యారు. వాళ్ళు ఉండే హాస్టళ్ళకి అంత కచ్చితమైన గేటు వేళలు లేవు.

2015లో నాన్న పోయారు. మరుసటేడు అమ్మ తెనాలి ఇల్లు వదిలి వచ్చేసింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో అన్నయ్యా నేనూ అప్పు చేసి కొన్న మూడు గదుల ఫ్లాటు. నేను రోజంతా ఆఫీసులో. అమ్మకి గోడలే దిక్కు. నాలుగు నెలలు చూసి, ఒకరోజు తనే అంది, 'ఆ మూడో గది ఖాళీగానే ఉంది కదే, ఉద్యోగాలు చేసుకునే ఇద్దరు పిల్లలకి ఇస్తే? భోజనం కూడా నేనే పెడతాను' అని.

న్యూజెర్సీ నుంచి అన్నయ్య ఫోన్లోనే అరిచాడు. 'అన్నం అమ్ముకునే ఖర్మ మనకేంటమ్మా? నేను పంపట్లేదా? పూటకూళ్ళిల్లు పెడతావా?' అన్నాడు. అమ్మ ఫోను నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెళ్ళికి ముందు రెండేళ్ళు అన్నయ్య అక్కడ తిన్నది ఒక తెలుగావిడ ఇంట్లోంచి వారానికి రెండుసార్లు వచ్చే డబ్బాలే. ఆవిడ భర్త హెచ్1 మీద ఉన్నాడు, ఈవిడది హెచ్4. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. 2015 నుంచి కొందరికి మాత్రం అనుమతిచ్చారు. ఎమ్మెస్సీ చదివిన మనిషి గోంగూర పప్పు డబ్బాల్లో సర్ది అమ్మింది. ఆ సంగతి గుర్తుచేశాను. 'అది వేరు' అన్నాడు. ఎలా వేరో చెప్పలేదు. నాకు అర్థమైనది ఇది. తినేవాడికి పరువు నష్టం లేదు, వండి డబ్బు తీసుకునే ఆమె తన అమ్మ అయితేనే నష్టం. అన్నదానం చేస్తే పుణ్యం, ఊరికే వండిపెడితే ధర్మం, వెల కట్టి పెడితే మాత్రం మనిషి చులకన.

అమ్మ నాలుగు రోజులు ఆలోచించి, మా వీధిలో బ్యాంకుకెళ్ళి తన ఒక్కదాని పేరు మీద ఖాతా తెరిచింది. అప్పటిదాకా ఉన్నవన్నీ నాన్నతో ఉమ్మడి ఖాతాలే. మన దగ్గర భర్త అనుమతి కావాలనే చట్టమేం లేదు. అయినా ఆమె ఆ పని చెయ్యడానికి అరవై ఒకటో ఏడు రావాల్సి వచ్చింది.

ఇక్కడే అమ్మని దేవతని చేసి ఆపేస్తే బావుండేది. గది కోసం మొదటి ఫోన్లు వచ్చినప్పుడు అమ్మ వేసిన మొదటి ప్రశ్న 'మీరేవిట్లు?' అని. పక్కనే ఉండి వద్దని సైగ చేశాను. ఒకమ్మాయి దాపరికం లేకుండా జవాబు చెప్పింది. 'ఎస్సీ అండీ. ఇస్తారో ఇవ్వరో ఇప్పుడే చెప్పండి. సామాన్లు మోసుకొచ్చాక చెప్పకండి' అంది. ఎన్ని తలుపులు చూసి ఉంటే ఆ వాక్యం అంత చదునుగా వస్తుంది! అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'ఆదివారం రా' అంది. వచ్చింది. మొదటి నెల ఆ పిల్ల కంచం వేరేగా బోర్లించి ఉండటం నేను చూశాను. ఆ పిల్లా చూసింది. ఆ కంచం గురించి అమ్మకీ నాకూ మధ్య పెద్ద గొడవే అయింది. కంచం కలిసింది, కానీ ఆ పిల్ల వంటింట్లోకి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

అప్పుడే పూటకూళ్ళ ఇళ్ళ సంగతి మళ్ళీ చదివాను. వినుకొండ వల్లభరాయుడి పేరు మీదున్న క్రీడాభిరామంలోనే ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లుంది. రూకకి చక్కని భోజనం. అంటే అన్నానికి వెల కట్టడం మనకి కొత్త కాదు. తర్వాతి కాలంలో మగదిక్కు లేని బ్రాహ్మణ వితంతువులకి మిగిలిన కొద్ది దారుల్లో అదొకటి. ఆమె చేతి వంట అందరూ తింటారు కాబట్టి ఆమెకి ఆ బతుకు దొరికింది, అందరూ తింటారు కాబట్టే లోకువ కూడా అయింది. దళిత స్త్రీకి ఆ లోకువ బతుకు కూడా దొరకలేదు. ఆమె వండితే కొనేవాళ్ళే లేరు. పూటకూళ్ళమ్మ వైపు నిలబడాలనుకునే మనం ఈ రెండో సంగతి కూడా పట్టుకునే నిలబడాలి.

2020 మార్చి వచ్చింది. లాక్‌డౌన్ ప్రకటించగానే హైదరాబాదులో చాలా హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నాయి. మార్చి 25న పిల్లలు సంచులతో పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరారు. ఆ పాసులు పట్టుకుని ఊళ్ళకి బయల్దేరినవాళ్ళు ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి ఆగిపోయారు. హాస్టళ్ళు మూయొద్దని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి 'ఇంట్లో ఉన్నట్టే' అని రాసుకున్న బోర్డుల కింద నుంచే ఆ పిల్లలు వీధిలోకి వచ్చారు. గేటు దగ్గర కూతుళ్ళయినవాళ్ళు ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు.

మా అపార్టుమెంటు పెద్దలు కూడా వచ్చి 'బయటివాళ్ళని పంపించెయ్యండి' అన్నారు. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి, 'నెల మొదట్లోనే డబ్బు తీసుకున్నానండీ, ఎలా పంపిస్తాను?' అంది. జాలి గురించీ ప్రేమ గురించీ ఒక్క మాట అనలేదు. వాళ్ళ దగ్గర దానికి జవాబు లేదు. పనమ్మాయి రాని ఆ రెండు నెలలూ నలుగురం వంతులేసుకుని పనిచేశాం. వంటింట్లోకి అందరూ వచ్చారు. అది అమ్మ మనసు మారడం వల్లో, పనమ్మాయి రాకపోవడం వల్లో నేను తేల్చలేను. ఆ పిల్ల మాత్రం నవ్వుతూ అంది, 'కరోనాకి ఉన్నపాటి బుద్ధి మనుషులకి లేదక్కా' అని. ఆ నెలల భోజనం డబ్బు అమ్మ అందరి దగ్గరా తీసుకుంది. ఒకరికి జీతం సగం చేస్తే తనూ సగమే తీసుకుంది. పుస్తకంలో రాసుకుంది.

వంటింటి పనికి లెక్కలు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. 2019లో జాతీయ గణాంక సంస్థ చేసిన సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెట్టారు. ఆ పని చేసే మగవాళ్ళు పెట్టింది 97 నిమిషాలు. అయిదు గంటలు ఊరికే చేసిన పనిలోంచి కొంత బయటికి తీసి వెల చెప్పిన ఆడదాన్ని మనం చూసే చూపు మారాలని నా కోరిక. సెన్యోరా నాకు భాష నేర్పింది. అమ్మ ముగ్గురు నలుగురు ఆడపిల్లల్ని ఈ నగరంలో నిలబెట్టింది. రాత్రి పదకొండింటికి షిఫ్టు దిగి వచ్చినా మా ఇంట్లో గేటు వేళ లేదు, మూతపెట్టిన అన్నం ఉంది. అందువల్ల మా ఇంటి పిల్లల్లో ఒకామె రాత్రి షిఫ్టు వదులుకోకుండా టీమ్ లీడరయింది.

2011 జనగణనలో అమ్మ పేరు పక్కన 'పని చేయనివారు' అనే గడిలో గుర్తు పడింది. ఇంటిపని మాత్రమే చేసేవాళ్ళందరూ ఆ గడిలోకే వెళ్ళారు. అప్పుడు జవాబులు చెప్పింది నాన్న. తర్వాతి జనగణనకి 2027 మార్చి 1ని లెక్కల తేదీగా ప్రకటించారు. ఈసారి మా తలుపు తీసేది అమ్మే. వృత్తి అడిగితే ఏం చెప్తావని మొన్న అడిగాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే చెప్పింది.

'పూటకూళ్ళు. నా పేరు కూడా పక్కనే రాసుకోమంటాను.'